పైడిమెట్టలో కుక్కకాట్ల అంచనా

పైడిమెట్ట పురపాలక సంఘంలో గణాంక సహాయకురాలు పతివాడ హైమావతికి తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా రాలేదు. ఆమె రాసే నివేదికలు పైవాళ్లెవరూ చదవకపోవడమే అందుకు కారణం. ప్రతి నెలా ఇరవై అయిదో తేదీన ఆమె ఒక కాగితం తీసుకుని, వచ్చే నెలలో ఊళ్లో ఎన్ని కుళాయిలు చెడిపోవచ్చో, ఎన్ని వీధి దీపాలు ఆరిపోవచ్చో, ఎంతమందిని కుక్కలు కరవవచ్చో పాత లెక్కలు చూసి రాసి పంపేది. "కుక్కకాట్లు: 50 నుంచి 75 వరకు" అని ఆమె రాస్తే, పురపాలక ఆసుపత్రిలో ఫార్మసిస్టు జగ్గారావు డెబ్బై అయిదు మందికి సరిపడా సూదిమందు తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టుకునేవాడు. మిగిలింది మరుసటి నెలకు పనికొచ్చేది. కరిపించుకున్నవాళ్లు వచ్చి సూది వేయించుకుని, కుక్కని తిట్టుకుంటూ ఇంటికి పోయేవాళ్లు. ఇంత సాఫీగా జరిగే పని ఎవరి కంటా పడదు.

ఆ ఏడు జులైలో కమిషనర్ ఆకెళ్ళ వాచస్పతి రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్లారు. 'కచ్చితమైన అంచనాలే సుపరిపాలనకు పునాది' అన్నది శిక్షణ పేరు. తిరిగొచ్చేటప్పుడు ఆయన వెంట ఒక తోలు సంచి, ఒక ఫ్లాస్కు, ఒక నమ్మకం వచ్చాయి. సంచి, ఫ్లాస్కు ఇంట్లో పెట్టి నమ్మకాన్ని ఆఫీసుకు తెచ్చారు. వచ్చీ రాగానే హైమావతిని పిలిపించారు. ఆమె కాగితం ఆయన బల్ల మీద ఉంది.

"ఈ యాభై నుంచి డెబ్బై అయిదు అంటే ఏమిటి హైమావతి గారూ?"

"గత ఆరేళ్ల లెక్కలు చూస్తే ఈ కాలంలో ఆ మధ్యలోనే ఎక్కడో ఉంటున్నాయి సార్."

"ఎక్కడో అంటే?"

"అది కుక్కల్ని బట్టి ఉంటుంది సార్."

కమిషనర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పరిపాలన కుక్కల్ని బట్టి ఉండరాదు. ఇరవై అయిదు కాట్ల మేరకు తమరు సంశయాత్మక వైఖరి అవలంబించినట్లు గమనించడమైనది. నాకు ఒకే అంకె కావాలి."

మర్నాడు నోటీసు బోర్డు మీద ఉత్తర్వు వెలిసింది. ఇకపై పైడిమెట్ట పురపాలక సంఘం అంచనాలన్నీ ఒకే అంకెలో ఉండవలెను. 'నుంచి', 'వరకు', 'సుమారు', 'దాదాపు', 'ఓ పాతిక' మొదలగు పదముల వాడకము తక్షణం నిలిపివేయడమైనది. అంచనాకు, వాస్తవానికి రెండు శాతం మించి తేడా వచ్చినచో సంబంధిత ఉద్యోగి సంజాయిషీ ఇచ్చుకొనవలెను. ఆ మధ్యాహ్నమే అటెండరు టీలు ఎన్ని తేవాలో అడగడానికొచ్చి, "ఓ పది తెమ్మంటారా అండీ" అని నాలిక్కరుచుకుని, లోపలికి వెళ్లి మనుషుల్ని లెక్కపెట్టుకుని వచ్చాడు.

హైమావతి ఆరేళ్ల ఆగస్టులన్నీ కూడి సగటు తీస్తే అరవై రెండున్నర వచ్చింది. కుక్క అర మనిషిని కరవదు గనక అరవై మూడు అని రాసింది. అది తప్పుతుందని ఆమెకు తెలుసు. సంజాయిషీలో ఏం రాయాలో కూడా ముందే అనుకుని పెట్టుకుంది.

తీరా ఆగస్టు ముప్పై ఒకటో తేదీ సాయంత్రానికి సరిగ్గా అరవై మూడు కాట్లు పడ్డాయి. అరవై మూడోవాడు ఫ్యాన్లు బాగుచేసే మనిషి. నాలుగు గంటలకు చెయ్యి పట్టుకుని మూలుగుతూ ఆసుపత్రికి వచ్చాడు. సూది వేయించుకుని లేచేసరికి ఎదురుగా కమిషనర్ శాలువా పట్టుకుని నిలబడి ఉన్నారు. "అరవై మూడో లబ్ధిదారు వీరే" అని విలేకరులకు చూపించారు. కుక్కకాటు సూదిమందు ఉచిత పథకం గనక కరిపించుకున్నవాళ్లని లబ్ధిదారులనడం ఆఫీసు ఆనవాయితీ. ఆ మనిషి కట్టుకట్టిన చేతిని ఒకవైపు, శాలువాని ఒకవైపు చూసుకుని, ఇంత మర్యాద జరుగుతుందని తెలిస్తే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవాడినన్నాడు.

నూటికి నూరు శాతం కచ్చితత్వం. రాష్ట్రంలో ఏ పురపాలక సంఘానికీ రాలేదు. హైమావతికి ప్రశంసాపత్రం ఇచ్చారు. "ఇది కేవలం అదృష్టం సార్" అని ఆమె నిజాయితీగా చెప్పింది. "వినయం" అని కమిషనర్ పక్కవాళ్లతో అన్నారు. అదే ఊపులో ఇంకో ఉత్తర్వు వేశారు. అంచనా కచ్చితమని రుజువైన దరిమిలా అదనపు సూదిమందు నిల్వ ఉంచడం అంచనాను అవమానించడమే అవుతుంది గనక, ఇకపై అంచనాలో ఉన్నంతమందికే మందు తెప్పించవలెను. జగ్గారావు ఫ్రిజ్‌లో ఖాళీ అయిన అరలో తన మజ్జిగ సీసా పెట్టుకున్నాడు.

సెప్టెంబరుకు అంచనా యాభై ఎనిమిది. ఆ నెలంతా వాన. ఇరవై నాలుగో తేదీకి కాట్లు నలభై అయిదు దాటలేదు. కమిషనర్ అత్యవసర సమీక్ష పెట్టారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు కొయ్యాన త్రినాథ గొడుగు మడిచి గోడకి ఆనించి, నీళ్లు కారుతుండగానే వచ్చి కూర్చున్నాడు. ఊళ్లో కుక్కల్ని పట్టడం, వదలడం, వాటి గురించి తిట్లు తినడం అన్నీ ఆయన పనే.

"పదమూడు కాట్ల వెనుకబాటుకు కారణాలు వివరించండి" అన్నారు కమిషనర్.

"వానలండి సార్. కుక్కలన్నీ అరుగుల కింద దూరిపోనాయి. బయటికొస్తే కదండీ కరవడానికి."

"వానలనేది వ్యవసాయ శాఖ చెప్పుకునే కారణం. మన శాఖకు వర్తించదు."

"అయితే నాను మాత్రం ఏటి సెయ్యగలను సార్. కరవమని కుక్కకి నాను సెప్పలేను కదండీ."

"చెప్పమనడం లేదు త్రినాథ గారూ. అనుకూల వాతావరణం కల్పించమంటున్నాను."

త్రినాథ మూడు రోజులు అనుకూల వాతావరణం కల్పించాడు. కుక్కల షెడ్డులో ఉన్న ఇరవై రెండు కుక్కల్నీ వ్యాన్‌లో ఎక్కించి బస్టాండులో దింపాడు. అవి ఆరు నెలలుగా షెడ్డులో అన్నం తిని మనుషులకు అలవాటుపడినవి. ప్రయాణికుల చేతులు నాకి, టిఫిన్ పొట్లాలు వాసన చూసి, మధ్యాహ్నం అన్నం వేళకు వరసగా నడుచుకుంటూ షెడ్డుకు తిరిగొచ్చేశాయి. ఒక్క కాటు కూడా దక్కలేదు. ఇక లాభం లేదని త్రినాథ కాటు అన్న మాటనే కాస్త వెడల్పు చేశాడు. ఎలుక కొరికినవాళ్లు ముగ్గురు దొరికారు. పిల్లి గీరినవాళ్లు అయిదుగురు. తన చేతిని కోతి పట్టుకుందన్న సన్నాయి విద్వాంసుడు ఒకడు. ఇంట్లో చంటిపిల్ల బుగ్గ కొరికిందని నవ్వుతూ చెప్పిన ఓ తండ్రిని ఆ నవ్వు ఆరకముందే ఆసుపత్రికి లాక్కొచ్చారు. ముప్పయ్యో తేదీ మధ్యాహ్నానికి ఇంకా ఒకటి తగ్గింది. కొత్త కట్టుడు పళ్లతో తన నాలుక తనే కొరుక్కున్న రిటైర్డు డ్రాయింగు మాస్టారు ఒకాయన మందుల కోసం వచ్చి వరండాలో కూర్చున్నాడు. త్రినాథ ఆయన్ని ఎంతో గౌరవంగా లోపలికి తీసుకెళ్లాడు.

"రిజిస్టర్లో రాస్తే సూది వెయ్యక తప్పదు. లేకపోతే మందు లెక్క కలవదు" అన్నాడు జగ్గారావు.

మాస్టారికి మాట్లాడే వీలు లేదు గనక అభ్యంతరం చెప్పలేకపోయాడు. యాభై ఎనిమిది పూర్తయింది. మళ్లీ నూరు శాతం. ఆ పేరు విని చుట్టుపక్కల ఊళ్లూ ఒకే అంకె అంచనాలు మొదలుపెట్టాయి.

ఆ రోజు నుంచి హైమావతికి మనసు మనసులో లేదు. ఆమెకు అంకెలంటే ఇష్టం. అంకె అబద్ధం చెప్పదని కాదు, అబద్ధం చెప్పినప్పుడు ఎక్కడో ఒకచోట దొరికిపోతుందని. ఇప్పుడు వచ్చే నెల అంచనా వేయాలంటే అందులో మాస్టారి నాలుక కూడా కలిసి ఉంది. ఆమె ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కుని, రోజూ మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లి, జగ్గారావు చెవిలో అడిగి, నిజంగా కుక్క కరిచినవాళ్ల లెక్క వేరే రాసుకోవడం మొదలుపెట్టింది. ఇంట్లో భర్త అడిగితే పాలవాడి లెక్క అని చెప్పింది.

అక్టోబరు అంచనాను కమిషనర్ ఆమె దాకా రానివ్వలేదు. అరవై మూడుకీ యాభై ఎనిమిదికీ మధ్యన అరవై అయితే అందంగా ఉంటుందని ఆయనే రాసి సంతకం పెట్టారు.

"సార్, వచ్చేది చిత్తకార్తె" అంది హైమావతి. "కుక్కలు ఊరి మీద పడి కొట్లాడుకునే రోజులు. ఏటా ఆ నెల డెబ్బై దాటుతుంది. తొంభై కూడా అవ్వచ్చు."

"కార్తెలు అధికారిక కాలమానంలో లేవు. పైగా తమరు మళ్లీ రెండు అంకెలు చెబుతున్నారు."

త్రినాథకు మాత్రం సెప్టెంబరు భయం ఇంకా తగ్గలేదు. నెలాఖరున మళ్లీ నాలుకలు వెతుక్కోవాల్సి వస్తుందేమోనని మొదటి వారంలోనే ముందుజాగ్రత్తగా పద్నాలుగు ఎలుకలు, పిల్లులు రాయించి పెట్టేశాడు. ఆ పైన చిత్తకార్తె వచ్చింది. అరుగుల కింద కుక్కలన్నీ రోడ్డెక్కాయి. పదిహేడో తేదీ సాయంత్రానికి అరవై నిండిపోయింది. పద్దెనిమిదో తేదీ ఉదయం ఆసుపత్రి గోడ మీద కొత్త బోర్డు కట్టారు:

"ఈ నెల కుక్కకాట్లు పూర్తయినవి. తదుపరి కాట్లు ఒకటో తేదీ నుంచి స్వీకరించబడును."

ఆ బోర్డు మేకులు కొడుతుండగానే రావాడ సింహాచలం కుంటుకుంటూ వచ్చింది. పురపాలక సంఘం గేటు పక్కన అట్ల బండి పెట్టుకున్న మనిషి. ఆఫీసులో సగంమంది పొద్దుట ఆమె చేతి అట్లే తింటారు. తెల్లవారి బండి తోసుకొస్తుంటే ఎక్కడిదో ఎర్ర కుక్క, నోట్లోంచి చొంగ కారుస్తూ, అరవకుండా వచ్చి పిక్క పట్టుకుంది. నాలుగు గాట్లు లోతుగా దిగాయి. విడిచిపెట్టి ఎటో పోయింది. ఆమె కుళాయి దగ్గర సబ్బుతో చాలాసేపు కడుక్కుని వచ్చింది.

జగ్గారావు తల వంచుకున్నాడు. "నిన్ను కుక్క కరిచింది పిన్నీ, కాదనను. కానీ ఒకటో తేదీన కరిచినట్టు రాస్తాను. పద్నాలుగు రోజులాగు."

"నన్ను ఆగమంతన్నావు, సరే. ఆ ఇసాన్ని కూడా ఆగమని సెప్పీసావా?"

"మందు లేదు. ఫ్రిజ్‌లో ఉన్నవి ముందు కరిపించుకున్నవాళ్లకి రెండో సూదికీ మూడో సూదికీ పేర్లు రాసి పెట్టేసినవి. ఒక్కటి తీసినా నా మెడకి చుట్టుకుంటుంది."

సింహాచలం చీర కుచ్చిళ్లు పిక్క మీంచి ఎత్తి పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ గణాంక విభాగం మెట్లెక్కింది. హైమావతి ఆమె కాలు చూసి కుర్చీలోంచి లేచింది. ఆ లోతు గాట్లకు, ఆ చొంగ కుక్కకు, రేపూ ఎల్లుండీ అన్న మాట లేదని ఆమెకు తెలుసు. మందుల షాపులన్నిటికీ ఫోను చేసింది. ఆసుపత్రిలో ఊరికే ఇచ్చేదాన్ని కొనేవాళ్లుండరని ఊళ్లో ఎవరూ తెప్పించడం లేదు. జిల్లా ఆసుపత్రికి చేసింది. మీ ఊరి కాటు మీ ఊరి అంచనాలోనే ఉండాలని, ఇక్కడ రాస్తే తమ శాతం పడిపోతుందని చెప్పి పెట్టేశారు. ఆమె సింహాచలాన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి కమిషనర్ గదిలోకి వెళ్లింది.

కమిషనర్ అంతా ఓపిగ్గా విన్నారు. "సదరు సింహాచలం అంచనా పరిధిలో లేరు. కాబట్టి సాంకేతికంగా ఆమెను కుక్క కరవలేదు."

"పిక్క మీద నాలుగు గాట్లున్నాయి సార్."

"గాట్లు ఉండవచ్చు. వాటిని కాట్లుగా వర్గీకరించే అధికారం ఈ నెల మనకు లేదు."

"ఆవిడకేమన్నా అయితే?"

"మరణాల అంచనా వేరే ఫైలు" అన్నారు కమిషనర్, అది తన బల్ల మీద లేదన్న నిశ్చింతతో.

హైమావతికి అరవాలనిపించింది. కానీ తొమ్మిదేళ్లుగా ఆ గదిలో ఎవరూ అరవగా ఆమె చూడలేదు. బయటికొచ్చి వరండాలో గోడకి ఆనుకుని నిలబడింది. నూరు శాతం కోసం మేము మనుషుల్ని వెతుక్కుంటే, పక్క ఊళ్లలో కూడా వెతుక్కుంటూనే ఉంటారు కదా అని అప్పుడు తోచింది. పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో చినగంట్లాం ఉంది. అక్కడి గణాంక సహాయకుడు పట్నాయక్ ఆమెతో పాటే ఉద్యోగంలో చేరినవాడు. ఫోను చేసింది.

"పట్నాయక్ గారూ, మీ దగ్గర ఈ నెల కాట్లెలా ఉన్నాయి?"

అవతల పెద్ద నిట్టూర్పు వినబడింది. "చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది మేడమ్. రెండేళ్ల కిందట ఊళ్లో కుక్కలన్నిటికీ ఆపరేషన్లు చేయించాం. ఉన్నవి కూడా ముసలివైపోయాయి. పైడిమెట్టకి తీసిపోకూడదని మా కమిషనర్ గారు నలభై అన్నారు. ఇరవై రెండు దగ్గర ఆగిపోయాం. తేనెటీగల దాకా వెళ్లాం మేడమ్."

"మా దగ్గర ఒకరు మిగిలారు."

"మిగిలారా?" ఆయన గొంతు మారిపోయింది. "అసలు కాటేనా?"

"అసలుదే. కుక్కే. పిక్క మీద నాలుగు గాట్లు."

"జీపు పంపిస్తున్నాను. దయచేసి ఇంకెవరికీ మాటివ్వకండి" అన్నాడు పట్నాయక్.

ముప్పావు గంటలో జీపు వచ్చింది. వెనక సీట్లో సింహాచలం కాలు చాపుకుని కూర్చుంది. పక్కన హైమావతి. సగం దూరం వచ్చారు.

"బండి ఎవరికి అప్పజెప్పావు పిన్నీ?" అని అడిగింది హైమావతి.

"మా సెల్లిని కూకోమన్నాను. పిండి నానబెట్టీసినాను కదా, ఎలాగైనా అమ్మీయాల."

"రోజూ ఎంతమంది వస్తారో నీకెలా తెలుస్తుంది? ఎంత పప్పు నానబెట్టాలో?"

సింహాచలం ఆమెను వింతగా చూసింది. "నాకేటి తెలుస్తాదమ్మా. రోజూ వచ్చినోళ్లని బట్టి నానబెడతాను. ఆ మీద ఓ సోలెడు ఎక్కువేస్తాను. వచ్చినోడిని అట్టు లేదని పంపీకూడదు కదా. మిగిల్తే మేవే తింటాం."

"మిగిలిందని ఎవరూ అడగరా?"

"నా బండికి నానే కమిషనర్ని" అంది సింహాచలం. కాలు నొప్పిలోనూ ఆ మాటకి తనే నవ్వింది. హైమావతి నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ చినగంట్లాం వచ్చేదాకా ఏదో ఆలోచించుకుంటూ ఉంది.

చినగంట్లాం ఆసుపత్రి గుమ్మంలో కుర్చీ వేసి ఉంది. కొబ్బరిబొండం కొట్టించి పెట్టారు. డాక్టరమ్మ గాయం మళ్లీ కడిగి, గాట్ల చుట్టూ ఒక మందు, భుజానికి ఒక సూది వేసింది. మిగతా సూదులకు ఏ తేదీల్లో రావాలో కార్డు మీద రాసిచ్చింది. ఆ తేదీల్లో జీపు తామే పంపిస్తామని పట్నాయక్ చేతులు కట్టుకుని చెప్పాడు. సింహాచలం బొండం తాగి, కార్డు బొడ్లో దోపుకుని, "మీ ఊళ్లో కరిపించుకుంటే బాగుండును" అంది.

ఆ వారంలో పైడిమెట్ట నుంచి చినగంట్లానికి ఇంకో పదిహేడు మంది వెళ్లారు. హైమావతి మధ్యాహ్నం ఫోను చేస్తే సాయంత్రానికి జీపు గేటు దగ్గరుండేది. కమిషనర్‌కి తెలియనే తెలిసింది. మెమో వస్తుందని ఆమె సిద్ధపడింది. ఆయన మాత్రం ఆ వ్యవహారానికి 'మిగులు కాట్ల అంతర్ పురపాలక బదిలీ విధానం' అని పేరు పెట్టి, దాన్ని తన సృజనాత్మక చొరవల జాబితాలో మూడోదిగా రాసుకున్నారు.

ఇరవై నాలుగో తేదీకి చినగంట్లాంలోనూ నలభై నిండింది. "ఇక పంపకండి మేడమ్, మాదీ నూరు శాతం అయిపోయింది" అన్నాడు పట్నాయక్, సంతోషమూ మొహమాటమూ కలిసిన గొంతుతో. పైడిమెట్ట చుట్టుపక్కల ఇంకే ఊళ్లోనూ ఖాళీ లేదు. ఇరవై అయిదు ఉదయం ఆసుపత్రి గుమ్మంలో ఇద్దరు నిలబడి ఉన్నారు. పేపరు వేసే మనిషి ఒకాయన, కుట్టుపని నేర్పే పంతులమ్మ ఒకావిడ. ఇద్దరి చేతులకీ రుమాళ్లు, రుమాళ్ల మీద రక్తం.

సరిగ్గా ఆ రోజే పైడిమెట్ట విజయ రహస్యం తెలుసుకోవడానికి రాష్ట్రస్థాయి సంచాలకులు వచ్చారు. కౌన్సిల్ హాల్లో ఫ్లెక్సీ కట్టారు. కమిషనర్ నలభై నిమిషాలు మాట్లాడారు. ఆ తరవాత, "మా అంచనాల వెనక ఉన్న శాస్త్రీయ పద్ధతిని మా గణాంక సహాయకురాలు వివరిస్తారు" అని హైమావతిని పిలిచారు.

హైమావతి లేచి నిలబడింది. గుమ్మంలో ఉన్న ఇద్దరూ ఆమె కళ్ల ముందే ఉన్నారు. ఏమైతే అదవుతుందనుకుంది.

"మా దగ్గర పద్ధతేమీ లేదు సార్" అంది. "మొదటి నెల అదృష్టం. రెండో నెల కాట్లు తక్కువైతే ఎలుకల్నీ పిల్లుల్నీ కలిపాం. నాలుక కొరుక్కున్న మాస్టారికి కూడా సూది వేశాం. ఈ నెల కాట్లు ఎక్కువైతే కుక్క కరిచినవాళ్లని కరవలేదని పంపేశాం. అంచనా నిజానికి దగ్గరగా వెళ్లలేదు సార్. నిజాన్నే లాక్కొచ్చి అంచనా దగ్గర కట్టేశాం."

త్రినాథ కుర్చీలో కిందికి జారాడు. కమిషనర్ మొహం పాలిపోయింది. సంచాలకులు కలం తెరిచి ఆమె ఆఖరి మాట అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు.

"అద్భుతం" అన్నారు. "ఇన్నేళ్లూ మేము అంచనాను వాస్తవానికి చేరువ చేయడానికి వృథా ప్రయాస పడ్డాం. వాస్తవాన్ని అంచనాకు అనుసంధానించవచ్చునన్న ఆలోచన ఎవరికీ రాలేదు. దీన్ని మిగతా సంఘాలకూ వర్తింపజేయాలి."

ముందు వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తరవాత అందరూ కొట్టారు. కమిషనర్‌కి రంగు తిరిగొచ్చింది.

హైమావతి మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నిజం చెబితే ఎవరైనా ఉలిక్కిపడతారని ఆమె వారం రోజులుగా అనుకుంటోంది. ఆ గదిలో నిజానికి అంత బలం లేదు. చప్పట్లు సద్దుమణిగేదాకా ఆగి, గొంతు సవరించుకుని, తొమ్మిదేళ్లుగా చదివి దాఖలు చేసిన ఫైళ్లలోని భాష అరువు తెచ్చుకుంది.

"అయితే ఇందులో ఒక తీవ్ర ముప్పు పొంచి ఉన్నట్లు సవినయంగా మనవి చేస్తున్నాను సార్."

సంచాలకులు తలెత్తారు. "ఏమిటది?"

"అంచనాలో లేని వ్యక్తులు అనధికారికంగా కరిపించుకుంటున్నారు. వారు ఆసుపత్రి ప్రాంగణంలో బహిరంగంగా నిలబడటం వల్ల అంచనా ప్రతిష్ఠకు భంగం వాటిల్లుతోంది. ఈ క్షణాన కూడా ఇద్దరు నిలబడి ఉన్నారు. తమరి వాహనం వెళ్లే దారిలోనే."

"తొలగించండి."

"తొలగిస్తే ఫోటోలు తీస్తారు సార్. వారికి ఒక సూది వేసి, ఏ లెక్కలోనూ చూపకుండా, నిశ్శబ్దంగా పంపించేయడం మేలు. అందుకోసం 'అంచనా గౌరవ పరిరక్షణ నిల్వ' అని ప్రత్యేకంగా కొంత మందు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన. అది కాట్ల కోసం కాదు సార్. కేవలం గౌరవం కోసం."

సంచాలకులు కమిషనర్ వైపు చూశారు. కమిషనర్ గంభీరంగా తలూపారు. గౌరవం అన్న మాట ఆయనకు ఎప్పుడూ నచ్చుతుంది.

"నెలకి ఎంతమందికి?"

"పది నుం—" అని మొదలుపెట్టి హైమావతి ఆగింది. "ఇరవై సార్. సరిగ్గా ఇరవై."

సంచాలకులు అక్కడికక్కడే జిల్లాకు ఫోను చేశారు. మధ్యాహ్నం రెండు గంటలకు మంచు పెట్టెలో మందు వచ్చింది. పేపరు మనిషికీ కుట్టు పంతులమ్మకీ ఏ రిజిస్టర్లోనూ పేరు లేకుండా సూదులు వేసి పంపారు. పంతులమ్మ సంతకం ఎక్కడ పెట్టాలని అడిగితే, పెట్టకపోతేనే గౌరవం అన్నాడు జగ్గారావు. ఫ్రిజ్‌లోంచి మజ్జిగ సీసా మళ్లీ ఇంటికి పట్టుకెళ్లాడు.

నవంబరుకు కమిషనర్ మళ్లీ అరవై అనే రాశారు. నూరు శాతం వచ్చిన అంకెను మార్చడం దేనికన్నారు. అరవైకి ఇరవై కలిపితే ఎనభై. హైమావతి ఇంటికి వెళ్లి పాలవాడి లెక్క తెరిచి, నిజం కాట్లు మాత్రమే కూడి, వచ్చే నెల 55 నుంచి 80 వరకు అని రాసుకుని, చాలా రోజుల తరవాత హాయిగా నిద్రపోయింది.

నవంబరులో అసలు కాట్లు డెబ్బై ఒకటి పడ్డాయి. అందులో అరవై, కాట్ల రిజిస్టర్లోకి ఎక్కాయి. పదకొండు గౌరవం ఖాతాలోకి వెళ్లాయి. కచ్చితత్వం నూరు శాతం. కరిపించుకున్నవాళ్లలో సూది పడకుండా వెనక్కి పోయినవాడు ఒక్కడూ లేడు. కమిషనర్‌కి రాష్ట్ర పురస్కారం ప్రకటించారు. ఆయన ధన్యవాదాల ప్రసంగంలో అంకెలకు ఆత్మగౌరవం ఉంటుందని అన్నారు.

ఆ నెలాఖరున ఒకరోజు హైమావతి నోటుబుక్కు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లేసరికి కిటికీ దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. పంచె మోకాలి దాకా ఎగ్గట్టి ఉంది.

"ఏం తాతా, కాటా, గౌరవమా?" అని అడుగుతున్నాడు జగ్గారావు తలెత్తకుండా.

ముసలాయన వెనక్కి తిరిగి, వరసలో ఉన్నవాళ్లని చూసి, ఊళ్లో అందరికీ తెలిసిన మాటే గనక ఏమీ తడుముకోకుండా చెప్పాడు.

"గౌరవమే బాబూ. రెండు పళ్లు దిగినాయి."